జ్ఞాపకం, అప్పచెప్పడం, కళాశాల నియమావళి

తిరుపతి పట్టణం ముగిసి కొండ మొదలయ్యే చోటు అలిపిరి. తిరుమలకు కాలినడకన పోయే మెట్లదారి ఇక్కడి నుంచే బయలుదేరుతుంది. మెట్లు 3,550 అని లెక్క. వచ్చేవారి చూపు సహజంగానే పైకి పోతుంది గనుక, ఇదే అలిపిరి నుంచి చంద్రగిరి వైపు మళ్లే బైపాస్ రోడ్డులో ఉన్న ఒక విద్యాసంస్థను గమనించేవారు తక్కువ. అది 2006లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయం. పట్టణంలోనే, 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయ్యేవరకు ఈ ప్రాంతమంతా చిత్తూరు జిల్లాలోనిదే; ఆ జిల్లా పల్లెల నుంచి, పక్క జిల్లాల నుంచి డిగ్రీ చదువుకు బయలుదేరిన పిల్లలకు ఈ రెండవ విశ్వవిద్యాలయమే పెద్ద దిక్కు.

ఒకే ఊరిలో ఉన్న ఈ రెండు సంస్థలు మనిషి జ్ఞాపకశక్తి విషయంలో రెండు భిన్నమైన నమ్మకాలతో నడుస్తున్నవి. మొదటి దానిలో ఒకసారి నేర్చిన పాఠం నిత్యం తిరిగి పలకకపోతే పోతుందన్నది మూలసూత్రం. రెండవ దానిలోనూ, ఆ మాటకు వస్తే మన రాష్ట్రాలలోని దాదాపు అన్ని కళాశాలలలోనూ, పాఠం ఒకసారి చెప్పి, దానిపై ఒకసారి పరీక్ష పెట్టి, మార్కు వేసి ముందుకు సాగడం ఆనవాయితీ. హాజరు, అంతర్గత పరీక్షలు, సెమిస్టరు, క్రెడిట్లు అనే నియమాలను మనం క్రమశిక్షణకు సంబంధించిన విషయాలుగా భావిస్తాము. నిజానికి వాటిలో ప్రతి ఒక్కటీ జ్ఞాపకం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు, తెలిసో తెలియకో, ఇచ్చిన ఒక జవాబు. ఆ జవాబులు ఎంతవరకు సరైనవో పరిశీలించడం అవసరం.

ముందుగా పాతపద్ధతి సంగతి. వేదపాఠశాలలో గురువు ఒక భాగాన్ని ఒకసారి పలికితే శిష్యుడు దానిని రెండుసార్లు పలుకుతాడు. దీనిని సంత చెప్పడం అంటారు. ఆ తరువాత వల్లె వేయడం. ఇది అందరికీ తెలిసినదే. తెలియవలసింది క్రమ, జట, ఘన పాఠాల అమరిక. మాటలను ఒకటి, రెండు, మూడు అని అంకెలతో గుర్తిస్తే, క్రమపాఠంలో ఒకటి–రెండు, రెండు–మూడు, మూడు–నాలుగు అని జంటలుగా సాగుతుంది. జటలో ఒకటి–రెండు, రెండు–ఒకటి, ఒకటి–రెండు. ఘనలో ఒకటి–రెండు, రెండు–ఒకటి, ఒకటి–రెండు–మూడు, మూడు–రెండు–ఒకటి, ఒకటి–రెండు–మూడు. అంటే ప్రతి మాటా తన ఇరుగుపొరుగు మాటలతో ముందునుంచీ వెనుకనుంచీ కట్టబడుతుంది. ఒక మాట జారితే రెండువైపులా ముడి ఊడినట్లు తెలిసిపోతుంది. కాగితం లేని కాలంలో తప్పులు పట్టడానికి ఏర్పడిన గట్టి యంత్రాంగమిది. వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవజాతి మౌఖిక వారసత్వంలోని విశిష్ట సంపదగా ప్రకటించడానికి ఇటువంటి విశేషాలే కారణం.

మదరసాలో హిఫ్జ్ పద్ధతి బయటికి వేరుగా కనిపించినా లోపలి సూత్రం ఇదే. 30 భాగాలు, 114 సూరాలు, ఆరువేల రెండు వందలకు పైగా ఆయతులు గల గ్రంథాన్ని బాలుడు మూడు నాలుగేండ్లలో కంఠస్థం చేస్తాడు. రోజూ అతని పని మూడు పాళ్లు. ఆనాటి కొత్త పాఠం సబక్. గత కొద్ది రోజులలో నేర్చినది సబ్ఖీ. అంతకుముందు నేర్చిన పాత భాగమంతా వంతులవారీగా తిరిగి వినిపించడం మంజిల్. అనుభవజ్ఞుడైన ఉస్తాదు, పిల్లవాడి మంజిల్ కుంటుపడితే కొత్త సబక్ ఇవ్వడు. పదిహేను రోజులైనా సరే, పాతది గట్టిపడిన తరువాతే ముందుకు పోనిస్తాడు. తల్లిదండ్రులు 'మావాడు వెనుకబడుతున్నాడే' అని ఆందోళన పడినా ఉస్తాదు పట్టించుకోడు. ఈ ఒక్క నియమం గురించి మరల ప్రస్తావించుకోవలసి ఉన్నది.

ఇక జ్ఞాపకం అంటే ఏమిటి? భాషలు ఈ విషయంలో కొంత దారి చూపుతాయి. 'హిఫ్జ్' అనే అరబ్బీ మాటకు మొదటి అర్థం కాపాడటం, కావలి కాయడం. కంఠస్థం చేయడమన్నది ఆ తరువాత వచ్చిన అర్థం. 'జిక్ర్' అంటే గుర్తుంచుకోవడమూ, నోట పలకడమూ రెండూ. తెలుగులో 'పాఠం అప్పచెప్పడం' అంటాము. గురువు దగ్గర పుచ్చుకున్న సొత్తును తిరిగి గురువు చేతిలో పెట్టడమన్న భావం అందులో ఉన్నది. అనువాదకులకు ఇటువంటి మాటలు తలనొప్పి తెచ్చిపెడతాయి గానీ, ఆలోచించేవారికి మేలే చేస్తాయి. కాపాడటం వేరు, తిరిగి ఇవ్వడం వేరు అన్న సంగతి ఈ మాటల్లోనే ఇమిడి ఉన్నది.

ఇబ్నె సీనా (980–1037) తన 'షిఫా' గ్రంథంలో ఆత్మను గురించి వ్రాసిన భాగంలో ఈ తేడాను స్పష్టంగా గుర్తించాడు. రూపాలను నిలిపి ఉంచే శక్తి ఒకటి, భావాలను నిలిపి ఉంచే శక్తి మరొకటి అన్నాడు. నిలిచి ఉన్నదానిని ప్రయత్నపూర్వకంగా వెదికి పట్టుకోవడం, అనగా 'తజక్కుర్', మనిషికి మాత్రమే సాధ్యమని అరిస్టాటిల్ ననుసరించి చెప్పాడు. ఈ శక్తులను ఆయన మెదడులోని గదులకు కేటాయించిన తీరు నేడు చెల్లదు. అయితే నిలువ చేయడం వేరు, వెలికితీయడం వేరు అన్న విభజన మాత్రం ఇప్పటికీ మనస్తత్వ శాస్త్రానికి పునాదిగానే ఉన్నది.

ఆధునికులు జ్ఞాపకాన్ని మూడు దశలుగా వివరిస్తారు: గ్రహించడం, నిలుపుకోవడం, వెలికితీయడం. గ్రహించే ద్వారం చాలా ఇరుకైనది. ఒక్కసారి చూసి మనసులో పట్టి ఉంచగలిగినవి ఏడు, అటూ ఇటూ రెండు అని జార్జ్ మిల్లర్ 1956లో ప్రసిద్ధమైన వ్యాసం వ్రాశాడు. తరువాతి పరిశోధకులు, ముఖ్యంగా 2001లో నెల్సన్ కవన్, అసలు సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందన్నారు. పది అంకెల ఫోను నంబరును ఎవరూ పది ముక్కలుగా చెప్పరు. అయిదూ అయిదుగానో, రెండేసిగానో కట్టగట్టి చెబుతారు. కట్టలు కట్టడం తెలిసినవాడికి ద్వారం పెద్దదవుతుంది. ఆ కట్టలు పాత జ్ఞానంతో తయారవుతాయి. అందుకే పాఠం మొదటి భాగం రానివాడికి రెండవ భాగం వింటున్నా చెవికి ఎక్కదు. బోర్డు మీద ఇరవై మాటలుంటే అతనికి అవి ఇరవై వేర్వేరు వస్తువులు, పక్కవాడికి నాలుగు.

ద్వారం దాటి లోపలికి పోయినది నిలవాలంటే మెదడులో కొంత నిర్మాణం జరగాలి. ఇది తెలిసివచ్చింది ఒక దురదృష్టవంతుని వల్ల. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకునికి 1953లో తీవ్రమైన మూర్ఛరోగానికి చికిత్సగా మెదడు రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తొలగించారు. ఆకారంలో సముద్రపు గుర్రాన్ని పోలినదని దానికి గ్రీకు మాటతో ఆ పేరు పెట్టారు. మూర్ఛలు బాగా తగ్గాయి. అయితే ఆ తరువాత అతనికి కొత్త విషయం ఏదీ నిలవలేదు. నిమిషాల క్రితం మాట్లాడిన మనిషిని మళ్లీ కొత్తగా పలకరించేవాడు. 2008లో మరణించేవరకు అదే స్థితి. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనికి అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీసే పని ఇచ్చింది. రోజురోజుకూ అతని చేయి తిరిగింది. కానీ ప్రతిరోజూ 'ఈ పని ఎన్నడూ చేయలేదు' అనేవాడు. చేతికి గుర్తు, మనసుకు లేదు. జ్ఞాపకం ఒకటే గది కాదనీ, పనితనపు జ్ఞాపకం వేరు, సంగతుల జ్ఞాపకం వేరనీ దీనివల్ల రూఢి అయినది. హాఫిజ్ నాలుక ఆగకుండా సాగిపోతున్నప్పుడు మధ్యలో ఆపి, 'ఇప్పుడు చదివిన దానికి మూడు ఆయతుల ముందు ఏమున్నది?' అంటే తడబడటం చాలామంది చూసే ఉంటారు. నాలుకకు తెలిసినది ప్రశ్నకు వెంటనే అందకపోవడం లోపం కాదు. అది రెండు రకాల జ్ఞాపకం మధ్య ఉన్న ఎడం.

వేదపండితుల మెదళ్లను పరిశీలించి 2016లో ఒక శాస్త్రపత్రిక ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గమనార్హం. 21 మంది పండితులను, అటువంటి శిక్షణ లేని మరో 21 మందితో పోల్చగా, భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలలో, కుడి హిప్పోక్యాంపస్‌తో సహా, నిర్మాణభేదాలు కనిపించాయి. దీనిని చూపి కంఠస్థం వల్ల మెదడు పెరుగుతుందని తీర్మానించే ఉత్సాహవంతులు ఉన్నారు. అది తొందరపాటు. శిక్షణకు ముందు వారి మెదళ్లు ఎలా ఉండేవో ఎవరూ కొలవలేదు. అటువంటి మెదడు గలవారే ఆ శిక్షణలో నిలిచి ఉండవచ్చును కూడా.

ఇక మరుపు. జర్మన్ పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, తానే మరిచి, తానే కొలిచి 1885లో పుస్తకం ప్రచురించాడు. ఒకసారి పూర్తిగా నేర్చిన జాబితాను కొంతకాలం తరువాత తిరిగి నేర్చుకుంటే ఎంత శ్రమ ఆదా అవుతుందో లెక్కగట్టాడు. 20 నిమిషాల తరువాత ఆదా 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, 31 రోజులకు 21. కోచింగ్ కేంద్రాల గోడల మీద ఈ అంకెలను 'ఒక రోజులో మూడింట రెండు వంతులు మరిచిపోతారు' అని వ్రాసి పెట్టడం కద్దు. ఆయన కొలిచినది గుర్తున్న మాటల సంఖ్య కాదు, తిరిగి నేర్చేటప్పుడు మిగిలే శ్రమ. పైగా అవి అర్థం లేని అక్షరాలు. అర్థమున్న పాఠం ఇంత వేగంగా పోదు. అయినప్పటికీ గీత ఆకారం మాత్రం నిజం. మరుపు మొదటి గంటల్లో నిలువుగా పడి, తరువాత మెల్లగా సాగుతుంది. 2015లో డచ్ పరిశోధకులు ఆ ప్రయోగాన్నే తిరిగి చేసి దాదాపు అటువంటి ఫలితాన్నే పొందారు.

కంఠస్థం చేసిన ఖుర్ఆన్ కాలికట్టు తెంచుకున్న ఒంటెకంటె వేగంగా తప్పించుకు పోతుందనీ, కనుక దానిని నిరంతరం సంభాళించుకోవాలనీ మహాప్రవక్త (స) హెచ్చరించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ హదీసు ఉన్నది. ఒంటెల వారికి ఈ ఉపమానం విడమరిచి చెప్పనక్కరలేదు. కట్టిన ఒంటెను కూడా పోయి చూసుకోవాలి.

ఎప్పుడు పోయి చూసుకోవాలి, ఎన్నిసార్లు? దీనికి ఇమామ్ జర్నూజీ తన 'తఅలీముల్ ముతఅల్లిమ్' అనే చిన్న పుస్తకంలో ఇచ్చిన పట్టిక ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయన 'హిదాయా' గ్రంథకర్త మర్గీనానీ శిష్యుడు. ఆయన కాలం పన్నెండు, పదమూడు శతాబ్దాల సంధి. నిన్నటి పాఠాన్ని అయిదుసార్లు, మొన్నటిది నాలుగుసార్లు, అంతకు ముందు రోజుది మూడుసార్లు, దానికి ముందుది రెండు, దానికీ ముందుది ఒకసారి వల్లెవేయాలని ఆయన సూచించాడు. కొత్త పాఠం మొదట్లో రెండుసార్లు తిప్పితే పట్టుబడేంత చిన్నదిగా ఉండాలన్నాడు. ప్రతి పాఠమూ ఈ లెక్కన అయిదు రోజులు వరుసగా ముందుకు వస్తుంది. శ్రమ రోజురోజుకూ తగ్గుతుంది, కానీ పాఠం వెంటనే కనుమరుగు కాదు. ఒకే రోజున పదిహేనుసార్లు చదవడానికీ, పదిహేనుసార్లను అయిదు రోజులకు పంచడానికీ మధ్య ఉన్న తేడాను ఆధునికులు 'ఎడమిచ్చిన అభ్యాసం' అంటున్నారు. దాని మేలు జ్ఞాపకశాస్త్రంలో అతి గట్టిగా నిలిచిన ఫలితాలలో ఒకటి. 2008లో సెపెడా, అతని సహచరులు వేయిమందికి పైగా మనుషులపై చేసిన ప్రయోగంలో మరొక సంగతి తేలింది: ఎంత ఎక్కువ కాలం గుర్తుండాలో, తిరిగి చూసుకోవడానికి మధ్య అంత ఎక్కువ విరామం ఉండటం మంచిది. జర్నూజీ పట్టిక అయిదు రోజులతో ఆగుతుంది. హిఫ్జ్‌లోని మంజిల్ ఆ లోటు తీరుస్తుంది.

తిరిగి చూసుకోవడం అన్నప్పుడు 'చూసుకోవడం' అన్న మాటే పొరపాటు పట్టిస్తుంది. చూసి చదవడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్ గేట్స్ 1917లోనే బడిపిల్లలపై దీనిని పరీక్షించాడు. సమయంలో ఎక్కువ పాలు పుస్తకం మూసి చెప్పుకోవడానికి వినియోగించిన పిల్లలకే ఎక్కువ నిలిచింది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కళాశాల విద్యార్థులకు చిన్న గద్యభాగాలు ఇచ్చారు. కొన్నింటిని రెండుసార్లు చదివించారు. మిగిలినవాటిని ఒకసారి చదివించి, రెండవసారి చూడకుండా గుర్తున్నంత వ్రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినదే మెరుగు: 81 శాతం, రెండవదానికి 75. వారం తరువాత లెక్క తలకిందులైంది. రెండుసార్లు చదివినదానిలో 42 శాతం, చదివి చెప్పినదానిలో 56.

ఈ అంకెలను కళాశాల విద్యార్థి ప్రతి ఒక్కడూ ఒకసారి నిదానంగా చూడవలసి ఉన్నది. పరీక్ష ముందురోజు రాత్రి గైడు పుస్తకాన్ని మూడుసార్లు తిప్పినవాడు మరునాడు ఉదయం హాయిగా వ్రాస్తాడు. ఆ పద్ధతి ఫలించిందని నమ్ముతాడు. అతని నమ్మకంలో అబద్ధం లేదు. అయిదు నిమిషాల లెక్కలో గెలిచాడు. వారం తరువాత ఏమి మిగిలిందో అతన్ని ఎవరూ అడగరు. తిరగేసిన పేజీ కంటికి పరిచయమైనట్లు ఉంటుంది. ఆ పరిచయాన్నే మనసు 'వచ్చేసింది' అని భ్రమిస్తుంది. అప్పచెప్పమంటే గానీ భ్రమ తొలగదు.

ఇప్పుడు నియమావళికి వద్దాము. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులు ఒకప్పుడు ఏడాదికి ఒక్క పరీక్షతో నడిచేవి. 2015–16 నుంచి సెమిస్టరు పద్ధతి, దానితోపాటు క్రెడిట్ల విధానం వచ్చినవి. సాధారణంగా పేపరుకు 100 మార్కులలో 75 సెమిస్టరు చివరి పరీక్షకు, 25 అంతర్గత పరీక్షకు. వారానికి ఒక గంట బోధన ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల పేపరుకు పదిహేను వారాల సెమిస్టరులో 60 గంటలు. హాజరు 75 శాతం ఉండాలి. 65కు తగ్గకుండా ఉంటే వైద్య ధ్రువపత్రం, కొంత రుసుము తీసుకుని మినహాయింపు ఇచ్చే ఆనవాయితీ చాలా విశ్వవిద్యాలయాలలో ఉన్నది.

ఏడాది పరీక్ష కంటె సెమిస్టరు మేలు కాదా? పరీక్షల సంఖ్య పెరిగింది గనుక కొంత మేలే. అయితే ఒక్కొక్క పరీక్షకు వచ్చే పాఠ్యభాగం తగ్గింది, పరీక్ష అయినది మళ్లీ రాదు. అయిదు యూనిట్ల పేపరులో మొదటి యూనిట్ మొదటి మూడు వారాలలో పూర్తవుతుంది. ఎనిమిదవ వారం ప్రాంతాన అంతర్గత పరీక్షలో దానిపై ఒక ప్రశ్న వస్తుంది. ఆ తరువాత చివరి పరీక్ష ముందు సెలవుల వరకు దాని మొగం చూసే అవసరం విద్యార్థికి గాని, అధ్యాపకునికి గాని కలగదు. సెమిస్టరు పరీక్ష వ్రాసిన మరునాటి నుంచి ఆ పేపరు పూర్తిగా పుస్తకాల అరలోకి పోతుంది. మొదటి సెమిస్టరులో నేర్చిన రసాయన శాస్త్రం మీద మూడవ సెమిస్టరు కట్టబడుతుందని సిలబసు వ్రాసినవారు అనుకుంటారు. జ్ఞాపకం అలా అనుకోదు. హిఫ్జ్ పరిభాషలో చెప్పాలంటే ఇది సబక్ ఉండి, సబ్ఖీ కొంచెం ఉండి, మంజిల్ అసలే లేని చదువు.

హాజరు నియమం సంగతి మరీ విచిత్రం. 60 గంటలలో 15 పోగొట్టుకోవచ్చును. వారానికొకటి చొప్పున పోగొట్టుకున్నవాడూ, వేరుశెనగ కోతల కాలంలో ఊరికి పోయి దాదాపు నాలుగు వారాలు ఒక్కసారే రానివాడూ నియమం దృష్టిలో సమానం. ఇద్దరికీ 75 శాతమే. జ్ఞాపకం దృష్టిలో మొదటివాడికి అక్కడక్కడ చిల్లులు పడ్డాయి, రెండవవాడికి ఒక మెట్టు మొత్తం లేదు. పై మెట్టు మీద కాలు ఎలా పెడతాడు? అతను తిరిగివచ్చిన రోజున అతనికి కావలసింది ధ్రువపత్రం కాదు, పోయిన పాఠాన్ని అప్పచెప్పించుకునే మనిషి. హాజరుపట్టీ శరీరం వచ్చిందా లేదా అని మాత్రమే చూస్తుంది.

2021–22 నుంచి రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలలన్నీ ఆంగ్లమాధ్యమానికి మారాలన్న నిర్ణయం వచ్చిన తరువాత ఈ సమస్య ఇంకా చిక్కబడింది. తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవానికి ఆంగ్ల వాక్యం తేలికగా అర్థం కాదు. అర్థం కాని వాక్యాన్ని యథాతథంగా పట్టడమే గత్యంతరం. ఈ దేశంలో హిఫ్జ్ చేసే బాలునికి కూడా ఎక్కువగా అరబ్బీ అర్థం తెలియదన్నది వాస్తవం. మరి తేడా ఏమిటి? ఆ బాలుడు పట్టినదానిని మూడేండ్లపాటు రోజూ అప్పచెబుతాడు, తరువాత జీవితమంతా. కళాశాల విద్యార్థి అదే కష్టాన్ని, అదే అర్థరాహిత్యంతో, ఒక్క రాత్రికి పడతాడు. హిఫ్జ్‌లోని భారమంతా అతనిపై ఉన్నది, దాని రక్షణ ఒక్కటీ లేదు. మొదటి తరం చదువుకు వచ్చిన కుటుంబాల పిల్లలే ఇందులో ఎక్కువ నష్టపోతున్నారు. ఇంట్లో అడిగి చెప్పించుకోవడానికి ఎవరూ లేరు గనుక వారికి గైడు తప్ప దిక్కు లేదు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. కంఠస్థమే విద్య అని ఈ మాటల ఉద్దేశం కాదు. పవిత్రవాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపాడటం ఒక పని, అర్థశాస్త్రాన్నో వృక్షశాస్త్రాన్నో తెలుసుకోవడం ఇంకొక పని. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో వెలువరించిన గ్రంథంలో, మనుషులు విన్న కథను తిరిగి చెప్పేటప్పుడు తమకు తెలిసిన లోకానికి అనుగుణంగా దానిని మార్చి అల్లుతారని చూపించాడు. అమెరికా ఆదిమవాసుల కథను ఆంగ్లేయ పాఠకుల చేత పదేపదే చెప్పించగా అందులోని వింత సంగతులు క్రమంగా రాలిపోయి, వారికి అలవాటైన సంగతులు చేరినవి. మనసు తనకు అర్థమైన రూపంలోనే వస్తువును దాస్తుంది. అందుచేతనే హాఫిజ్‌కు కఠిన నియమాలు, ఘనాపాఠికి ముందువెనుకల ముడులు. అవి మనసు స్వభావానికి ఎదురీది సాధించినవి. శాస్త్రపాఠానికి ఎదురీత అవసరం లేదు. అర్థంతో కట్టుకుంటే చాలు.

మదరసాలు ఈ రెండవ పనికి వేరే పద్ధతి పెట్టుకున్నవి. ఉస్తాదు చెప్పబోయే పాఠాన్ని విద్యార్థి ముందే చదివిరావడం ముతాలఅ. తరువాత పాఠం. ఆ సాయంకాలం విద్యార్థులు గుంపులుగా కూర్చుని, ఒకడు ఉస్తాదు స్థానంలో ఉండి అదే పాఠాన్ని తన మాటలతో తిరిగి చెప్పడం తక్రార్. తెలుగునాట కోర్టు కాగితాలలో 'తకరారు' అంటే వివాదం. మాట ఒకటే, మూలార్థం తిరిగి తిరిగి చెప్పడం. మదరసా తక్రార్‌ను చూసినవారికి రెండవ అర్థం కూడా ఎలా పుట్టిందో తెలుస్తుంది. చెప్పేవాడిని పక్కవాడు ఆపుతాడు, 'ఉస్తాదు అలా అనలేదు' అంటాడు, వాదన రేగుతుంది, పుస్తకం తెరుస్తారు. ఒక్క గంట ప్రశ్నోత్తరం ఒక నెల వల్లెవేతకంటె మేలన్న మాటను జర్నూజీయే పేర్కొన్నాడు. వల్లెవేతకు పట్టిక ఇచ్చినవాడే ఈ మాట చేర్చడం విశేషం.

ఇమామ్ గజాలీ (1058–1111) జీవితంలో ప్రసిద్ధమైన సంఘటన ఒకటి ఉన్నది. జుర్జాన్‌లో చదువు ముగించి తూస్‌కు తిరిగివస్తుండగా దారిలో దొంగలు సామాను దోచారు. ఏది పోయినా సరే, తన పాఠాల నోట్సు మాత్రం ఇవ్వమని ఆయన వేడుకున్నాడు. సంచీ పోతే పోయే విద్య ఏమి విద్య అని దొంగల నాయకుడు నవ్వి, కాగితాలు తిరిగి ఇచ్చాడు. ఇంటికి చేరి మూడేండ్లు ఆ నోట్సును కంఠస్థం చేశాడని సుబ్కీ వ్రాసిన జీవితచరిత్రలో ఉన్నది. ఈ కథను సాధారణంగా కంఠస్థ మహిమకు చెబుతారు. కానీ గజాలీ కంఠస్థం చేసినది వేరొకరి గైడు కాదు, పాఠం విని, అర్థం చేసుకుని తన చేత్తో వ్రాసుకున్నది.

కళాశాల నియమాలలో ఏమి మార్చవచ్చును? సిలబసు మార్పుకు విద్వత్ సభలు, తీర్మానాలు కావాలి. అంతర్గత మార్కులు 25 మాత్రం కళాశాల చేతిలోనే ఉన్నవి. వాటిని ఒక్క మధ్యంతర పరీక్షకు కాక పదిహేను వారాలకు పంచవచ్చును. వారానికి ఒకసారి తరగతి మొదట పది నిమిషాలు పుస్తకం మూసి, అంతకుముందు వారం పాఠంలో ఒక ప్రశ్న, నెలరోజుల నాటి పాఠంలో ఒక ప్రశ్న వ్రాయించి, పక్కవాడి చేత దిద్దించడానికి డబ్బు అక్కరలేదు. మార్కు అరమార్కు చాలు. మార్కు పెద్దదైతే భయం వస్తుంది, భయం వస్తే చూచివ్రాత వస్తుంది. మధ్యంతర పరీక్షలో అంతవరకు చెప్పినదంతా రావచ్చునని, రెండవ పరీక్షలో మొదటిదాని పాఠాలు కూడా ఉంటాయని నియమావళిలో ఒక వాక్యం చేర్చితే చాలు, మంజిల్ మొదలైనట్లే. జబ్బుతోనో ఇంటి పనితోనో మధ్యంతర పరీక్ష తప్పినవానికి సున్నా వేసే కళాశాలలు ఉన్నవి, నలుగురితో సమానంగా సగటు మార్కు వేసే కళాశాలలు ఉన్నవి. రెండూ జ్ఞాపకానికి చేసే మేలు ఏమీ లేదు. పది రోజుల గడువిచ్చి అధ్యాపకుని ఎదుట నోటితో చెప్పించుకోవడం మంచిది. తరగతిలో అరవై, డెబ్భై మంది ఉన్నచోట ఇది కష్టమన్నది నిజమే. తక్రార్‌లో వలె పై సెమిస్టరు విద్యార్థి వినవచ్చును, వినేవానికీ లాభమే.

కాలపట్టిక వేసేవారికి కూడా ఒక మాట. హాఫిజ్‌లను తప్పుదారి పట్టించేవి కష్టమైన ఆయతులు కావు, ఒకదానినొకటి పోలిన ఆయతులు. ఒక సూరాలో మొదలుపెట్టి, అదే మాటలు వచ్చిన చోట నాలుక వేరే సూరాలోకి జారిపోతుంది. వీటిని ముతషాబిహాత్ అని ప్రత్యేకంగా జాబితా వ్రాసి, పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న ఒక్క మాటపై గురుతు పెట్టి నేర్పుతారు. పోలిక ఉన్న జ్ఞాపకాలు ఒకదానికొకటి అడ్డుపడతాయన్నది ప్రయోగశాలలోనూ రుజువైన సంగతే. పోలికగల రెండు సిద్ధాంతాలను ఒకదాని వెంట ఒకటి చెప్పి, తేడా ఎక్కడున్నదో చెప్పకుండా వదిలేస్తే పరీక్షలో రెండూ కలిసిపోతాయి. ఇక నిద్ర సంగతి: నేర్చిన తరువాత మేలుకుని ఉన్నవారికంటె నిద్రపోయినవారికి ఎక్కువ మిగులుతుందని 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ చూపించారు. రాత్రంతా మేలుకుని చదివినవాడు చదివినదానిని నిలిపే సమయాన్నే ఖర్చు చేస్తున్నాడు.

హిఫ్జ్ పూర్తిచేసి సనదు పుచ్చుకున్న యువకుని చదువు అంతటితో ముగియదు. రంజాన్ నెలలో అతను తరావీహ్ నమాజులో నిలబడి గ్రంథమంతా వినిపిస్తాడు. వెనుక వరుసలో మరొక హాఫిజ్, సామే, అతని పఠనాన్ని మాటమాటకూ వింటూ ఉంటాడు. ఎక్కడైనా తడబడితే సామే మెల్లగా తరువాతి మాట అందిస్తాడు. దానిని లుఖ్మా ఇవ్వడం అంటారు. లుఖ్మా అంటే అన్నం ముద్ద. మార్కు తగ్గదు, పేరు పోదు, పఠనం సాగుతుంది. మరుసటి సంవత్సరం మళ్లీ అదే పరీక్ష. అందుకని షాబాన్ నెల రాగానే అతను రోజూ ఒక భాగం చొప్పున తిరగవేయడం మొదలుపెడతాడు.